చుక్కల కాగితం

ఎన్నికల ఆఫీసులో వెబ్‌సైట్ చూసుకునే గుమస్తా గారికి,

నమస్కారం. నేను ఆస్పత్రిలో ముప్పై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యాను. పుట్టుకతో చూపు లేదు. టైపు మాత్రం తప్పుల్లేకుండా కొడతాను, కావాలంటే ఈ ఉత్తరమే చూసుకోండి.

చూపులేనివాళ్ళకి ఈసారి వేళ్ళతో తడిమి చదువుకునే చుక్కల ఓటు కాగితం ఇస్తారని, దానికి మీ వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టాలని రేడియోలో చెప్పారు. సంతోషంతో ఆ పూట అన్నం సహించలేదు. ఇన్నేళ్ళూ నా ఓటు మా మరిదే వేస్తున్నాడు. బయటికొచ్చి, "నువ్వు చెప్పినవాళ్ళకే వేశాను వదినా" అంటాడు. గదిలో కూర్చుని "నేను లేనని చెప్పు" అనే డాక్టర్ల గొంతులు జీవితమంతా విన్నదాన్ని, అతని గొంతు నాకు తెలియదా?

నా కంప్యూటరు తెర మీదున్నది పైకి చదువుతుంది. మీ వెబ్‌సైట్ తెరిస్తే "బొమ్మ, బొమ్మ, బొమ్మ" అని ఊరుకుంటోంది. ఆ బొమ్మల్లో ఒకటి, వంకర అక్షరాలు చూసి టైపు చేసి మనిషినని రుజువు చేసుకోమంటోందట, కింది వాటాలో ఉండే నర్సు చెప్పింది. ఒక్కసారైనా నా ఓటు నేనే వేసుకోవాలని ఉంది. దారి చెప్పండి.

ఇట్లు,
మాజీ ఆపరేటరు

తా.క.: నేను మనిషినని మా అత్తగారే ఏనాడూ ఒప్పుకోలేదు. మీ వెబ్‌సైట్‌ని తప్పుపట్టను.

*

ఓటరు గారికి,

మీ ఉత్తరం అందింది. ఉత్తరాల ద్వారా దరఖాస్తులు తీసుకోబడవు. వెబ్‌సైట్ వాడే పద్ధతిని తెలిపే రంగుల బొమ్మల పుస్తకం జతచేశాం. చూసి ఆ ప్రకారం చేయగలరు.

భవదీయుడు,
గుమస్తా

తా.క.: బొమ్మలు సరిగా కనబడకపోతే తెర వెలుతురు పెంచుకోగలరు.

*

గుమస్తా గారికి,

మీ ఉత్తరం నర్సు చదివి వినిపించింది. మీ పుస్తకం తడిమాను. నున్నగా ఉంది, మంచి కాగితమే వాడారు. వెలుతురూ పెంచాను. గది దేదీప్యమానంగా ఉందని నర్సు చెప్పింది.

ఆవిడ పక్కన కూర్చుని బొమ్మలు చదివిపెడితే నేను టైపు చేశాను. ఐదు నిమిషాలకి "సమయం మించింది" అని మీ వెబ్‌సైట్ గెంటేసింది. మూడుసార్లు ఎక్కాం, మూడుసార్లూ దింపేసింది. నాలుగోసారికి అసలు తెరుచుకోలేదు. నర్సు డ్యూటీకి వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది, చెప్పుకోడానికి సిగ్గేం లేదు.

ఇట్లు,
మాజీ ఆపరేటరు

తా.క.: నాకు చూపు లేదని మొదటి ఉత్తరంలోనే రాశాను. మీకు అక్షరాలు సరిగా కనబడకపోతే వెలుతురు పెంచుకోగలరు.

*

ఓటరు గారికి,

మీ బాధ పై అధికారుల దృష్టికి తీసుకెళ్ళాం. చూపులేని ఓటర్ల కోసం వెబ్‌సైట్‌కి గొంతు పెట్టించాం. మీ ఉత్తరాన్ని అందరూ చదువుకునేలా ఫోటో తీసి 'ఓటర్ల మాట' పేజీలో పెట్టాం. దరఖాస్తుకి ఆఖరు గడువు శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు.

భవదీయుడు,
గుమస్తా

తా.క.: మీ టైపు నిజంగానే బాగుంది. చూసి నేర్చుకోమని మా ఆఫీసరు గారు నాకు చీవాట్లు పెట్టారు.

*

గుమస్తా గారికి,

నా ఉత్తరం ఫోటోని నా కంప్యూటరు చదివింది. "బొమ్మ" అంది.

మీ కొత్త గొంతూ విన్నాను. "కింది బొమ్మలో చూపిన విధంగా చేయండి" అంటోంది, తేనె పూసినట్టు. నా కంప్యూటరు నోరు తెరిస్తే అదీ తెరుస్తుంది. ఇద్దరు తోడికోడళ్ళని ఒకే వంటింట్లో పెట్టినట్టుంది.

శుక్రవారం నాలుగున్నర దాకా పెనుగులాడాను. నర్సు డ్యూటీలో ఉంది. గత్యంతరం లేక మరిదిని పిలిచాను. ఎవరి చేతిలోంచి నా ఓటు తెచ్చుకుందామనుకున్నానో అతని చేతుల్లోనే దరఖాస్తు పెట్టాల్సొచ్చింది. తన ఫోనులో మూడు నిమిషాల్లో ముగించి, "అయిపోయింది వదినా, చుక్కల కాగితం వస్తుంది" అన్నాడు. ఈసారి ఆ గొంతులో ఏ వంకరా వినబడలేదు. ఇన్నాళ్ళూ ఉత్తపుణ్యానికి అనుమానించానేమో అనిపించింది కూడా.

ఇట్లు,
మాజీ ఆపరేటరు

తా.క.: రోజూ పొద్దున్నే బల్ల మీద ఒట్టి కాగితం పెట్టుకుని ముద్ర వేయడం అలవాటు చేసుకుంటున్నాను. నవ్వకండి.

*

ఓటరు గారికి,

అభినందనలు. మీ దరఖాస్తు ఆమోదం పొందింది. అందులో కోరిన ప్రకారం ఇకపై మీ ఓటు శాశ్వతంగా మీ మరిది గారే వేస్తారు. తమరు పోలింగు కేంద్రం దాకా వచ్చే శ్రమ లేదు. చుక్కల కాగితం గడిలో 'అక్కర్లేదు' అని ఉంది. 'ఇదంతా స్వయంగా చదివి ఒప్పుకున్నాను' అన్నచోట టిక్కు ఉన్నందున మార్చడానికి వీల్లేదు.

చూపులేని ఓటర్ల దరఖాస్తుల్లో చివరిదాకా పూర్తయింది మీదొక్కటే. అదీ ఆమోదం పొందింది గనక, వెబ్‌సైట్ నూటికి నూరు పాళ్ళు అందరికీ అందుబాటులో ఉందని నివేదిక పంపాం.

భవదీయుడు,
గుమస్తా

తా.క.: దరఖాస్తులో ఇచ్చిన కొత్త చిరునామా ప్రకారం ఈ ఉత్తరం మీ మరిది గారింటికి పంపుతున్నాం. ఆయన మీకు చదివి వినిపిస్తారు.