బావగారి బ్రేకులు

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు. మా తాతగారి కారు ఇంజను ఎట్టకేలకు నోరు విప్పింది. ఇక బ్రేకులే మిగిలాయి. బ్రేకు లైనింగుల కొట్టు నడిపే నువ్వుండగా నాకేం లోటు! పాత బ్రేకు డ్రమ్ముకి నూలుతో నేసిన మెత్తటి నేతరకం లైనింగే నప్పుతుందని రాశావు. మెత్తనిది బండినేం ఆపుతుందయ్యా? లైనింగు బిగించే ఇనప షూలు పార్సెల్లో పంపుతున్నాను, గట్టిరకమే వేయించు.

ఇట్లు, నీ బావ

తా.క. మీ అక్క కూడా నేతరకమే అంది. దాంతో నా నిర్ణయం ఖాయమైంది.

*

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. గట్టిరకం కీచుమంటుందని మా మేస్త్రిగారు నెత్తీ నోరూ కొట్టుకున్నారు. అయినా మీ మాట కాదనలేక రివెట్లన్నీ ఆయనే స్వయంగా కొట్టి ఇచ్చారు. పంపుతున్నాను.

విధేయుడు, మీ బావమరిది

*

బావమరిదికి,

ఆశీస్సులు తర్వాత. ఆదివారం వీధంతా చూస్తుండగా బ్రేకు తొక్కాను. కారు ఆగలేదు. పక్కింటివాళ్ల దండెం తెంచుకుని, ఆరేసిన దుప్పట్లు కప్పుకుని, వాళ్ల వసారా స్తంభాన్ని కావలించుకుంది. మీ మేస్త్రికి చూపు ఆనడం లేదు, ఇంటికి పంపెయ్. షూలు తిప్పి పంపుతున్నాను.

కోపంతో, బావ

తా.క. మీ అక్క పక్కనే కూర్చుంది. దెబ్బలేం తగల్లేదు. మాటలు మాత్రం నాకు తగిలాయి.

*

బావగారికి,

క్షమించండి. అక్కయ్యకేమైనా అయ్యుంటే అన్న భయంలో పనివాళ్లందరి ముందూ మేస్త్రిగారిని నానామాటలూ అన్నాను. నాన్న రోజులనుంచీ ఉన్న మనిషి. సుత్తి తుడిచి బల్లమీద పెట్టి వెళ్లిపోయారు. వారమైంది, మళ్లీ రాలేదు.

మీ బావమరిది

*

బావమరిదీ,

ఏ మొహం పెట్టుకుని రాయను! ఆ లైనింగులు కీచుమన్న మాట నిజం. మలుపు తిరిగినప్పుడల్లా బండి పిల్లిని తొక్కినట్టు అరిచేది. వీధిలో జనం గుమ్మాల్లోకి వచ్చి మరీ నవ్వేవాళ్లు. తట్టుకోలేక ఒక్కో లైనింగుకీ చెంచాడు కుట్టుమిషను నూనె పట్టించాను. అరుపు ఆగింది. బండి ఆగలేదు.

మేస్త్రిగారింటికెళ్లి ఈ ఉత్తరం చదివి వినిపించు. తర్వాత పనివాళ్లందరి ముందూ చదువు.

సిగ్గుతో, బావ

తా.క. మీ అక్కకి నిజం నేనే చెప్పాను. నూనెసీసా ఎందుకు ఖాళీ అయిందని అడిగాక ఇంకో దారి కనపడలేదు.

*

బావగారికి,

ఉత్తరం పట్టుకుని పరుగెత్తాను. సగం చదవకముందే మేస్త్రిగారు చెయ్యి అడ్డం పెట్టారు. "నూనె సంగతేగా బాబూ? పార్సెలు విప్పగానే వాసనొచ్చింది."

"మరి నేనన్ని మాటలంటుంటే చెప్పరేం?"

"అంతమందిలో ఎలా చెప్పను? ఆపైన అల్లుడుగారు మీ గుమ్మం తొక్కగలరా? నాకేముంది, పని చేతిలో ఉంది. ఇంకో కొట్టు దొరుకుతుంది."

ఆ షూలు రెండురోజులు నా బల్లమీదే ఉన్నాయి. నేను ఒక్కసారి చేత్తో తడిమైనా చూడలేదు బావగారూ. వాళ్లావిడ నాకు కుర్చీ వేసింది. కూర్చోలేకపోయాను.

మీకన్నా ఎక్కువ సిగ్గుతో, బావమరిది

తా.క. సోమవారం మేస్త్రిగారు నేతరకం తీసుకుని బస్సులో మీ దగ్గరికి వస్తున్నారు. తనే బిగిస్తారట. బస్టాండుకి ఎదురెళ్లండి. కారులో మాత్రం వద్దు.