నాలుగో రింగు

మే 4
మెసేజ్ రాసి ఎవరికీ పంపకపోతే డ్రాఫ్ట్‌లో ఉండిపోతుంది. అదే నా డైరీ. నలుగురిలో నాకు నోరు పెగలదు. ఈ బటన్లు మాత్రం చూడకుండా నొక్కుతాను.

మిక్సీలు బాగుచేసే షాపులో పని చేస్తున్నా. ఇవాళ ఓనరన్న పిలిచి, పదో తారీఖులోగా స్మార్ట్‌ఫోన్ తెచ్చుకుంటే ఇళ్లకెళ్లి రిపేర్ చేసే పనిస్తానన్నాడు. అడ్రసులు, ఫొటోలు అన్నీ గ్రూపులోనే వస్తాయట. నీ ఫోన్ మేకులు కొట్టడానికి తప్ప దేనికీ పనికిరాదురా అని నవ్వాడు. లేకపోతే స్క్రూలు ఏరుకుంటూ ఇక్కడే కూర్చోవాలట.

మే 5
బావ తన పాత స్మార్ట్‌ఫోన్ ఇచ్చాడు. ఓ మూల పగిలింది. మాట్లాడనోడికి ఏ ఫోనైతే ఏంటని అక్క వెక్కిరించింది.
అమ్మ నా పాత ఫోన్ చేతిలోకి తీసుకుని కొంగుతో తుడిచింది.

మే 5, సాయంత్రం 6
అమ్మ ఎందుకు తుడిచిందో నాకు తెలుసు. ఆస్పత్రిలో ఆయా. చదవడం రాదు. డ్యూటీలో ఫోన్ మాట్లాడితే తిడతారు. అందుకే మాకు రింగుల లెక్క ఉంది. ఒక రింగు ఇచ్చి కట్ చేస్తే బయల్దేరినట్టు. రెండంటే లేటవుతుంది, నువ్వు తినేయ్. మూడంటే గేటు దగ్గరికి రా, బరువుంది. ఎవరూ ఎత్తకూడదు. జేబులో వణుకుతుంటే లెక్కపెట్టుకుంటా. ఆరేళ్లలో ఒక్కసారీ ఎత్తలేదు.

మే 7
సిమ్ కొత్తదాంట్లో వేశా.
మధ్యాహ్నం అమ్మ రింగిచ్చింది. జేబులోంచి తీస్తుంటే వేలు తగిలి కాల్ ఎత్తినట్టయింది. అమ్మకి తెలీదు, తను కట్ చేసేసిందనే అనుకుంది. పక్క ఆయాతో మాట్లాడుతోంది. కొత్త ఫోనొచ్చాక నీ కొడుకు దాంట్లోనే మునిగిపోతాడు, నీ రింగులేం లెక్కపెడతాడే అని ఆవిడ ఏడిపిస్తోంది. అమ్మ కూడా నవ్వింది. ఇంట్లో వాడెలాగూ నోరు విప్పడక్కా, ఆ రింగులే మా ఇద్దరికీ కబుర్లు అంది. అవీ పోతే గోడతో చెప్పుకోవాలంది.
నేనే కట్ చేశా.

మే 8
సిమ్ తీసి పాతదాంట్లో వేశా. నాకు ఇళ్ల పని వద్దన్నా అని ఓనరన్నకి మెసేజ్ పెట్టా.
అబద్ధం. నాకు కావాలి.

మే 9
పాత ఫోన్ చూసి, ఇళ్ల పని వద్దన్నానని తెలిసి అమ్మ మండిపడింది. చేతికందిన పని ఎవడైనా కాలదన్నుకుంటాడా పిచ్చి వెధవా అంది. ఆయాతో తనన్న మాటలు విన్నానని చెప్పలేకపోయా.
పడుకునేముందు గోడ వైపు తిరిగి రెండు మాటలు ప్రాక్టీస్ చేశా.

మే 10, పొద్దున 7
సిమ్ మళ్లీ కొత్తదాంట్లో వేసి ఓనరన్నకి సారీ పెట్టా. గ్రూపులో కలిపాడు.

మే 10, మధ్యాహ్నం
ఇది కొత్త ఫోన్‌లో రాస్తున్నా. అమ్మకి చేశా. మూడు దాటినా కట్ చేయలేదు. నాలుగో రింగుకి మా లెక్కలో అర్థం లేదు. భయపడి ఎత్తింది. ఏమైందిరా అంది.
ఏం కాలేదమ్మా, తిన్నావా అన్నాను.