మార్కులు నువ్వే వెయ్యాలి

విజయనగరం

అమ్మకి, నేను కులాసా, దిగులు పడకు.

బీబీఏ డిగ్రీ చేతికి రావాలంటే సెలవుల్లో రెండు నెలలు ఏదైనా వ్యాపారంలో పని నేర్చుకోవాలట. లేకపోతే నాలుగు క్రెడిట్లు తగ్గుతాయి. అందరూ విశాఖ ఆఫీసుల పేర్లు చెప్పారు. నేను, భావనపాడులో మా అమ్మ ఎండుచేపల వ్యాపారం అన్నాను. క్లాసంతా నవ్వింది. ఉమాశంకర్ సారు మాత్రం, "మీయమ్మ కంటే పెద్ద మేనేజరెవులమ్మా? అక్కడికే ఎల్లు" అన్నారు.

"సేపలకీ సదువుకీ ఏటే సంబంధం" అని తిట్టకు. ఆఖర్న మార్కులేసి సంతకం పెట్టాల్సింది నువ్వే.

నాన్నకు దగ్గు తగ్గిందా? వానకు ఆరేసిన నెత్తళ్ల చేపలు తడవలేదు కదా? నాకొక గంప చూసి ఉంచు, ఆదివారం వస్తున్నాను. పని తప్పితే తిట్టు గానీ, సంతలో ముసలమ్మలకు నెత్తళ్లు కొసరేసినట్టు నాకూ నాలుగు మార్కులు కొసరెయ్యి.

నీ కొత్త పనిపిల్ల,
అరుణశ్రీ