బొంత లోపలి చీర

నవంబరు 4
ఎడపల్లి సాయవ్వ బొంత ఇచ్చింది. పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి చేత్తో కుట్టినది. ఇరవై ఏళ్ళుగా ఇలాంటివే వెతుక్కుంటూ తిరుగుతున్నాను, ఇంత సన్నటి కుట్టు ఎక్కడా చూడలేదు. "ఫొటోలు దించుకోని తెచ్చియ్యి బిడ్డా. సలి మొదలైతది" అంది.

నవంబరు 9
నిజామాబాద్. బొంత విప్పేశాను. అడగకుండానే... ప్రదర్శనలో పొరలు చూపిస్తేనే జనానికి అర్థమవుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. పైనంతా చిరుగులు, అతుకులు. నడుమ మాత్రం ఒక ఆకుపచ్చ చీర — చెక్కు చెదరలేదు. ఇంత మంచి చీరను ఎవరైనా బొంతలో వేస్తారా?

నవంబరు 17
ప్రదర్శన. ఆకుపచ్చ చీరను విడిగా గోడకు వేలాడదీశాను. అందరూ దాని ముందే నిలబడ్డారు. ఫొటోలు తీసుకున్నారు.

నవంబరు 19
సాయవ్వ కొడుకు గంగాధర్ ఫోన్. ఎవరో ఆ ఫొటో పంపారట.
"గది మా అక్క చీరె మేడం. సచ్చిపోయి ఆరేండ్లాయె. దినాలనాడే బట్టలన్ని ఇచ్చేసిండ్రనుకున్న. సచ్చినోళ్ళ బట్ట ఇంట్ల వెట్టుకుంటరా? నా పిల్లలు గా బొంత మీదనే పండిండ్రు..."
చీర మళ్ళీ గడప తొక్కొద్దన్నాడు. గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ.
ఎవరి కంటా పడకుండా బిడ్డ చీర దాచుకుంది ఆ తల్లి. నేను గోడకెక్కించాను. బుద్ధి లేదు నాకు.

నవంబరు 20
ఏ పనీ చేయలేదు. ఏడ్చాను.

నవంబరు 22
సాయవ్వ ఒక్కతే బస్సెక్కి వచ్చింది. తిట్టలేదు — తిడితే బాగుండేది. చీర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "దానిది ఒక్కటన్న ఉండద్దా నాకు?"
చీర మడతపెట్టి నా చేతికిచ్చింది. "నా కండ్లు కనవడ్తలేవు. నువ్వే కుట్టు బిడ్డా. మల్ల నడుమలనే వెట్టు. వానికి చెప్పకు."

నవంబరు 26
ఆకుపచ్చ చీరను మళ్ళీ నడుమ పెట్టి నాలుగు రోజులు కుట్టాను. ఆమె కుట్టు ముందు నాది ఎందుకూ పనికిరాదు. సాయవ్వ మళ్ళీ వచ్చింది. వేళ్ళతో తడిమి "నడుస్తది" అంది. బొంత చంకన పెట్టుకుని ఎడపల్లి మీదుగా పోయే బోధన్ బస్సెక్కింది.

నవంబరు 27
గంగాధర్ ఫోన్. "బొంత ముట్టింది మేడం. చీరె ఏడున్నది?"
నా దగ్గరే ఉందన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో నోటికి.
"అయితే ఐతారం వస్త. మంజీర నదిల ఇడిసిపెడ్త. అవ్వను గూడ తోల్కొస్త, ఆమె చేతులతోనే ఇడువనీ."
సరే అన్నాను...