గుండ్రాల మేస్త్రి కోసిన కొమ్మలు

ఆదివారం, ఏడో తేదీ

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. మరదలికీ పిల్లకీ కూడా. ఇక్కడ మేమంతా క్షేమం, చెట్టు తప్ప. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

రెండేళ్ల తర్వాత నీ చేతిరాత చూశాను. కవరు మీద పేరు లేకుండా ‘అక్కకి’ అని మాత్రం రాసి కింద ఇంటి నంబరు వేశావు. పోస్టుమ్యాన్ వచ్చి, ఈ ఇంట్లో అక్క ఎవరండీ అని అడిగాడు. మీ బావ నన్ను చూపించి, ఈవిడే, వీధి మొత్తానికీ ఈవిడే అక్క, సంతకం జాగ్రత్తగా తీసుకోండి అన్నారు.

నువ్వు అడిగింది ఒక్కటే. మీ పెరట్లో అడివి నిమ్మ మొక్కలు రెండు పెన్సిలు లావు అయ్యాయని, నీ కొమ్మ నుంచి చిగురు కళ్లున్న పుల్లలు నాలుగు పంపితే అమ్మ కట్టిన నారింజ నీ ఇంట్లోనూ ఉంటుందని రాశావు. తమ్ముడూ, పంపడానికి పుల్ల లేదు. నీ కొమ్మే లేదు.

మరదలు కూడా చదువుతుంది కదా, ఆమెకు తెలియదు కాబట్టి మొదటినుంచీ రాస్తాను. అమ్మ నర్సరీలో అంట్లు కట్టేది. మన పెరట్లో ఒక అడివి నిమ్మ మానుకి మోకాలి ఎత్తులో రెండు అంట్లు కట్టింది. ఎడమ వైపు నారింజ, అది నీది. కుడి వైపు బత్తాయి, అది నాది. ఒకే చెట్టు, ఒకే నీళ్లు, ఎవరి కాయ వాళ్లదే. అమ్మ పోయాక రెండేళ్లుగా దాని మీద ఎవరూ కత్తెర పెట్టలేదు. ఎండు పుల్లలు తీయించి, కొత్త చిగురు వచ్చాక నీకు మంచి పుల్లలు పంపుదామని మనిషిని పిలిచాను. నేను చేసిన మొదటి పొరపాటు అదే.

పక్కింటి టీచరమ్మ చెప్పింది, ఆసుపత్రి తోటమాలి సెలవు రోజున బయటి పనులు చేస్తాడని. అందరూ అతన్ని గుండ్రాల మేస్త్రి అంటారు. ఆసుపత్రి ముందున్న పొదలన్నీ బంతుల్లా గుండ్రంగా కత్తిరించింది అతనే. అక్కడ దారి చెప్పేవాళ్లు కూడా మూడో గుండు దగ్గర ఎడమకి తిరగండి అంటారు. పొదల్ని గుండ్రంగా చేసేవాడికి చెట్టు సంగతి తెలుసని ఎందుకనుకున్నానో నాకే తెలియదు.

గురువారం ఏడింటికి వస్తానన్నవాడు పదకొండుంపావుకి వచ్చాడు. రంపం పళ్లకి తుప్పు. చెట్టు దగ్గరికి తీసుకెళ్లి, అంటు కట్టిన చోట ఉబ్బు ఉంటుంది కదా, దాని మీద వేలు పెట్టి చూపించాను. ఇదిగో ఇక్కడికి పైన ఎండిన పుల్లలు మాత్రమే తీయి, పచ్చి కొమ్మ ముట్టుకోకు, దీని కింద నుంచి వచ్చే పిలకలన్నీ పీకెయ్ అన్నాను. నేను చెప్పింది అంతే. దానికి అతను, ఇరవై రెండేళ్లుగా చెట్లతోనే బతుకుతున్నానమ్మా, మీరు లోపలికెళ్లి మీ పని చూసుకోండి అన్నాడు.

వెళ్లాను. వెనక గదిలో బట్టలు మడత పెడుతున్నాను. రంపం చప్పుడు వినిపించింది. ఎండు పుల్లలకి ఇంతసేపు రంపం ఎందుకని బయటికి వచ్చేసరికి నీ కొమ్మ నేల మీద ఉంది. అంటుకి జానెడు పైన కూడా కాదు, సరిగ్గా అంటు మీదే కోసేశాడు. ఒక్క కన్ను మిగలలేదు. నా కొమ్మ ముప్పావు వంతు తెగింది. ఆపు అని అరిచాను. ఆపాడు. కొమ్మ ఆగలేదు. దాని బరువుకి అదే విరిగి, మూరెడు బెరడు చీల్చుకుంటూ కింద పడింది.

మరి ఏం ఉంచాడనుకున్నావు? అంటు కింద నుంచి వచ్చిన పిలకలు నాలుగు. ఒక్కోదానికి వేలెడు ముళ్లు. వాటిని ముందే కర్రకి గుడ్డపేలికలతో కట్టి, పైన గుండ్రంగా కత్తిరించాడు. చూడండమ్మా ఎంత పుష్టిగా ఉన్నాయో, ఆ రెండూ ముసలి కొమ్మలు, ఎందుకూ పనికిరావు అని నాకే చెప్పాడు. అంటు పైన ఇల్లు, అంటు కింద అడివి అని అమ్మ అనేది గుర్తుందా? ఇతను ఇల్లు కూలగొట్టి అడివికి పందిరి వేశాడు.

అంతటితో ఆగలేదు. నేను మీ బావని పిలుచుకొచ్చేలోగా కోసిన గాయాలకి గోడకి వేసే తెల్ల రంగు పూశాడు. మాను చుట్టూ తడి మట్టి, కుళ్లిన ఆకులు మోకాలి దాకా ఎగదోసి తొక్కాడు. గులాబీ పొదలు నేను చెప్పకపోయినా అంతకుముందే మొగ్గలతో సహా గుండ్రం చేశాడు. నేను కుర్చీ వేసుకుని అక్కడ కూర్చోలేదు కాబట్టి నా తల మిగిలిందని మీ బావ అన్నారు. నాకు నవ్వు రాలేదు.

అడిగితే, రంపం మొద్దుబారిందమ్మా అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు. రంపం మొద్దుదైతే రెండు కొమ్మలు ఎలా తెగాయయ్యా అన్నాను. అప్పుడు మాట మార్చాడు. మీరు కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు కదమ్మా, మొదటి కొమ్మ కోసినంతసేపూ చూశారు, వద్దనలేదు, సరే కాబోలు అనుకున్నాను అన్నాడు. ఎంత గుండె ధైర్యమో చూడు. నా పెరట్లో నిలబడి, నా మొహం మీదే! తప్పు చేసినవాడు తలవంచుకుంటాడు. ఇతను తప్పు తెచ్చి నా నెత్తిన పెడుతున్నాడు.

తిట్టిపోశాను. అంతా ఎత్తుకుపో, నా కళ్ల ముందు ఒక్క ఆకు ఉంచకు అన్నాను. ఎత్తుకుపోయి వీధి చివర చెత్తకుప్పలో పడేశాడు. ఆ రోజు నేను చెప్పిన మాటల్లో అతను సరిగ్గా విన్నది అదొక్కటే. కోసిన కొమ్మలో కళ్లు రెండు రోజులైనా బతుకుతాయని, తడిగుడ్డలో చుట్టి నీకు పంపొచ్చని మర్నాడు పొద్దున పళ్లు తోముకుంటుంటే గుర్తొచ్చింది. వీధి చివరికి పరిగెత్తాను. చెత్త బండి అప్పటికే వెళ్లిపోయింది. అంట్లు కట్టేదాని కూతురిని, నాకు గుర్తు రాకపోవడం ఏమిటి?

ఆసుపత్రి తోటల అధికారికి ఫిర్యాదు రాసి ఇచ్చాను. పని చెడగొట్టినందుకు ఒకటి, అబద్ధమాడినందుకు ఒకటి. నేను చెయ్యగలిగింది అదే. నీకు పుల్లలు పంపలేను.

నీ అక్క


శనివారం, ఇరవయ్యో తేదీ

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. బుధవారం నీ జవాబు అందింది. అందరూ కులాసా అని రాశావు, సంతోషం. ఈసారి కవరు మీద నా పేరు కూడా రాశావు, పోస్టుమ్యాన్‌కి అక్క ఎవరని అడిగే పని తప్పింది.

నన్ను ఒక్క మాట అనలేదు నువ్వు. అంటావనే అనుకున్నాను. పుల్లలు తీసి పెట్టనందుకు కూడా ఏమీ అనలేదు. పైగా నా ఉత్తరానికి నకలు తీసి, నీ సంతకంతో ఇంకో ఫిర్యాదు జతచేసి ఆసుపత్రికి పంపానన్నావు. మా అక్క చూసి ఉంటే ప్రాణం అడ్డం పెట్టి ఆపేది, ఆమె మీద నింద వేసినవాణ్ణి వదలకండి అని రాశావు. ఆ వాక్యం నాకు ఆసుపత్రిలో చదివి వినిపించారు.

గురువారం రమ్మని కబురు వస్తే వెళ్లాను. తోటల అధికారి గది మెట్ల కింద ఉంది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడవారన పారలు, నీళ్ల గొట్టాల చుట్టలు. కిటికీలో ఒక కుండీ, అందులో ఒక మొక్క, అదీ గుండ్రమే. మేస్త్రి ఖాకీ చొక్కా వేసుకుని గోడకి ఆనుకోకుండా నిలబడ్డాడు. కుర్చీ ఉన్నా కూర్చోలేదు.

అధికారి నెమ్మదైన మనిషి. కోత సంగతి అడిగారు. మేస్త్రి ఏమీ దాచలేదు. తప్పు నాదేనండీ, అంటు చెట్టు నేనెప్పుడూ కోయలేదు, పనిలో చేరిన రోజు గుండ్రాలు కత్తిరించడం నేర్పారు, అదే చేస్తున్నాను, తెలియదని ఆవిడతో చెప్పాల్సింది, పొగరుకి పోయి చెప్పలేదు అన్నాడు. మరి ఇరవై రెండేళ్లు చెట్లతోనే బతికానన్నావే అన్నాను. పొదలతోనమ్మా అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మాట ఆ రోజు చెప్పి ఉంటే చెట్టు ఉండేది కదా.

తర్వాత అధికారి కిటికీ సంగతి ఎత్తారు. కోత రాకపోతే నేర్పుకుంటాం, దానికి ఒక హెచ్చరికతో సరిపోతుంది, కానీ ఇంటావిడ మీద అబద్ధం కల్పించేవాణ్ణి రోగులు తిరిగే చోట ఉంచలేను, ఆ ఒక్క మాట వెనక్కి తీసుకో, కాగితం చించేస్తాను అన్నారు. మంచి మాట. ఎవరైనా తీసుకుంటారు. ఇతను తీసుకోలేదు. చూసింది చూసినట్టు చెప్పానండీ, కొమ్మ మీద రంపం పెట్టి ఆవిడ వైపు తిరిగి చూశాను, ఆవిడా చూశారు, అన్నాడు. అధికారి మళ్లీ చెప్పారు. ఇరవై రెండేళ్ల ఉద్యోగమయ్యా, ఒక్క మాట కోసం పోగొట్టుకుంటావా అన్నారు. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. సోమవారం దాకా గడువిచ్చారు. అప్పటికీ వెనక్కి తీసుకోకపోతే పనిలోంచి తీసేస్తారు.

బయటికి వచ్చాక మీ బావ, మొండిఘటమే అన్నారు. ఒక్క అబద్ధం ఆడి ఉద్యోగం నిలబెట్టుకోవచ్చు కదా అని కూడా అన్నారు. మీరు ఎవరి పక్షం అని మండిపడ్డాను.

చెట్టు సంగతి. అమ్మతో నర్సరీలో పనిచేసిన పెద్దాయన శుక్రవారం వచ్చి చూశారు. ఇది చెట్టా గోడా, సున్నం కొట్టడానికి అని విసుక్కున్నారు. మట్టంతా తీయించి, రంగు గోకి, పిలకలు నాలుగూ పీకేశారు. నీ వైపు ఏమీ లేదన్నారు. నా వైపు మాత్రం చీలిన చోట వేలెడు వెడల్పున పచ్చి బెరడు ఉంది, దాని మీద ఒకటి రెండు కళ్లు బతికుండొచ్చు, వానలు పడేదాకా చెప్పలేం అన్నారు. నీకు దాచకుండా రాస్తున్నాను.

ఇలాంటివాళ్లు పనిలో ఉంటే ఇంకెన్ని చెట్లు పోతాయో. సోమవారం ఏం జరిగిందీ మళ్లీ రాస్తాను. పిల్లని ముద్దాడానని చెప్పు.

నీ అక్క

తా.క. పైన రాసిందంతా మడిచి కవర్లో పెట్టాను. జిగురు అంటించాక మళ్లీ చించాను.

మేస్త్రి చెప్పింది నిజం. నేను వెనక గదిలో లేను. మడత పెట్టడానికి ఆ రోజు బట్టలే లేవు. వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. అతను రంపం నీ కొమ్మ మీద పెట్టాడు. తప్పు చోట పెట్టాడని చూడగానే తెలిసింది. తల తిప్పి నా వైపు చూశాడు. చెయ్యి ఊపితే చాలు. ఊపలేదు.

అమ్మ తొమ్మిది నెలలు మంచం మీద ఉంది. రోజూ పొద్దున నేను దుప్పటి మారుస్తుంటే వాడి కొమ్మ పూసిందా అని అడిగేది. పూసిందమ్మా అనేదాన్ని. నా కొమ్మ సంగతి ఒక్క రోజు కూడా అడగలేదు. ఆ ఏడాది బత్తాయిలు విరగకాశాయి, ఒలిచి పెట్టింది నేనే, తిన్నది అమ్మే. అప్పుడూ ఇది వాడిదా అనే అడిగింది. నాలుగు రోజులు ఊరుకుని, ఆ తర్వాత అవునన్నాను. రెండేళ్ల తర్వాత నీ ఉత్తరం వస్తే, అమ్మ ఎలా పోయిందో, నేనెలా ఉన్నానో అని ఒక మాట ఉంటుందనుకున్నాను. నీ కొమ్మ గురించి ఉంది.

నీ కొమ్మ నేల పడేదాకా చూశాను. అతను రంపం తీసి నా కొమ్మ మీద పెట్టినప్పుడు పరిగెత్తాను.

అతని పని చెడ్డ పనే. దానికి అతన్ని ఇంకా తిడతాను, ఎదురుపడితే మొహం మీదే తిడతాను. కానీ ఉద్యోగం పోతున్నది కోతకి కాదు. నేను కాగితం మీద పెట్టిన అబద్ధానికి, దాన్ని నమ్మి నువ్వు పెట్టిన సంతకానికి.

ఇప్పుడు పదకొండు ముప్పావు. ఆసుపత్రి ఆఫీసు ఒంటిగంట దాకా తెరిచి ఉంటుంది. తపాలా పెట్టె దారిలోనే ఉంది. ముందు ఇది అందులో వేసి, తర్వాత ఆఫీసుకి వెళ్తాను. ఇది నీకు చేరుతుందని తెలిశాక, ఆ గదిలో కూర్చుని ఇంకోలా చెప్పడానికి నాకు వీలుండదు.