పటంలో మిగిలిన మా గుట్ట

అయ్యా,

విషయం: లేని గుట్టను తమ పటంలోంచి తీసివేయించి, వానల్లోపు మా వీధికి కరకట్ట వేయించడం గురించి.

నేను దర్జీని. నలుగురిలో నోరు పెగలదు. తమ గది దాకా వచ్చి, తలుపు దగ్గర నిలబడి, తిరిగి ఇంటికి పోయిన ముసలివాణ్ణి నేనే. అందుకని రాసుకుంటున్నాను.

1. మా వీధికీ ఏటికీ మధ్య ఒక గుట్ట ఉండేది. పెద్దదేమీ కాదు, ముసలి మేకలు కూడా ఆయాసపడకుండా ఎక్కేవి. అయితే పై గుట్టల నీళ్లన్నీ కలుపుకుని ఉరికొచ్చే ఏరు దాన్ని గుద్దుకుని, పక్కకు తిరిగి పోయేది. దాని గొప్పంతా అంతే.

2. సదరు గుట్టను తమ శాఖవారి లారీలు మట్టి కోసం తవ్వుకుపోయినవి. "ఎందుకు బాబూ?" అంటే, "అభివృద్ధి తాతా, పక్కకు జరుగు" అన్నాడు డ్రైవరు. జరిగాను.

3. నేను జరిగినట్టే ఏరూ జరిగింది. కిందటి వానల్లో తిన్నగా మా ఇంట్లోకి వచ్చింది. మా ఆవిడకు మోకాళ్లు వంగవు, నడవలేదు. ఆవిణ్ణి కుట్టుమిషను బల్ల మీద కూర్చోబెట్టి, నడుంలోతు నీళ్లలో బల్ల పట్టుకుని నిలబడ్డాను. "ఇన్నాళ్లకు నన్ను నెత్తికెక్కించుకున్నావయ్యా" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. గోడ కూలాక నవ్వలేదు.

4. కరకట్ట వేయించమని అడగబోతే తమ గుమాస్తాగారు పటం పరిచి, "ఇదిగో తాతా, గోధుమరంగు మచ్చ. గుట్ట ఉండగా కట్ట ఎందుకు? నీళ్లు గుట్టెక్కి దిగాయా ఏంటి?" అన్నారు. గుట్ట లేదని మనవి చేసుకున్నాను. "లేదని కాగితం ఉందా?" అన్నారు. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "గుట్ట చచ్చిపోయినట్టు సర్టిఫికెట్టు తెమ్మన్నాడా? మోసుకుపోయింది వాళ్లేగా, వాళ్లనే రాసిమ్మను!" అంది.

5. తరవాత తమ సర్వేయరుగారు విచారణకు దయచేశారు. చదును నేల మీద నిలబడి గుట్ట కోసం నాలుగు దిక్కులా చూశారు. ఎండకు తాళలేక నా గొడుగు అడిగి పుచ్చుకున్నారు. "మబ్బు పట్టి ఉన్నందున గుట్ట కనబడలేదు" అని రాసుకుని వెళ్లారు. గొడుగు ఇవ్వలేదు. అడగడానికి నాకు నోరు రాలేదు.

కావున తమరు దయతలచి కట్ట అయినా వేయించండి, లేదా ఏటికి తమ పటం చూపించి, ఇక్కడ గుట్ట ఉంది, పక్కకు తిరిగి పొమ్మని ఉత్తర్వు ఇవ్వండి. మేం చెబితే అది వినడం లేదు.

తొందరగా చిత్తగించవలెను. పై గుట్టల మీద మబ్బు దిగింది, ఈసారి నిజంగానే.

తమ విధేయుడు,
పటంలో గుట్ట చాటున, నేల మీద ఏటికి ఎదురుగా ఉండే దర్జీ

మళ్లీ ఒక మాట: ఈ అర్జీ ఇవ్వడానికి వచ్చి తమ మెట్ల దగ్గర తచ్చాడుతుంటే మా ఎర్రమట్టి కనబడింది. వాచ్‌మన్‌ని అడిగాను. ఈ కొత్త ఆఫీసు పల్లంలో పడిందని, మెరక చేయడానికి మా గుట్టనే తెచ్చి పోశారట. అయితే తమ పటానిది తప్పు లేదు. గుట్ట ఉంది, తమ కుర్చీ కింద ఉంది. ఏరు రాగానే మా ఆవిణ్ణి మంచంతో సహా మోసుకుని మా గుట్ట ఎక్కుతాం. వీధంతా వస్తుంది. గేటు తీసి ఉంచమని చెప్పండి. మా ఆవిడ తమతో మాట్లాడాలంటోంది. ఆవిడకు నాలాగా మొహమాటం లేదు.