బోలు పిడి కత్తి

అకితా,
ఫిబ్రవరి నెల.

బావగారికి,

మీరు అడిగిన కత్తి ఈ పొట్లంలో లేదు. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదవండి.

ఎలుగుబంటి తోలు ఒలవడానికని రాశారు. ఒలిచేవాడికి సూదిలాంటి మొన ఎందుకండీ? అది పిత్తపు తిత్తికి తగిలితే మాంసమంతా పాడవుతుందని నాకు నేర్పింది మీరే. పైగా పిడి బోలుగా ఉండాలన్నారు. అందులో కర్ర దిగ్గొట్టి బల్లెం చేసుకోవడానికి కాకపోతే ఇంకెందుకు?

నిన్న మీ ఊరి వేటగాడు గెంజో కత్తులు సాన పట్టించుకోవడానికి వచ్చాడు. "మీ బావ పెరట్లో ఆరడుగుల కర్ర చెక్కుతున్నాడోయ్! అడిగితే బట్టలారేయడానికట. ఈ మంచులో ఏం బట్టలయ్యా?" అని పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మంచు పడకముందు మీ గుండు తగిలి తప్పించుకున్న ఎలుగే మీ పక్కింటాయన్ని చీల్చింది. చూపు తగ్గిందని మీ తుపాకీ లైసెన్సు తీసేశారు. ఇప్పుడు ఒంటరిగా దాని గుహకు బయల్దేరుతున్నారు, అవునా?

నేను పంపుతున్నది చెక్క పిడి కత్తి. మొన గుండ్రంగా అరగదీశాను. నీళ్లు చల్లుతూ రాయి మీదే నూరండి, మిషను మీద పెడితే ఉక్కు కాలి పదును నిలవదు. ఎలుగును గెంజోవాళ్లు కొడతారు. కోసి వాటాలు వేసే పెద్దరికం మీది.

కాదు, బోలు పిడే కావాలంటారా? మళ్లీ ఉత్తరం రాయకండి. ఎందుకో చెప్పి మా అక్కను పంపండి. తను నోరు తెరిచి అడిగితే ఆ రోజే కొలిమి రాజేస్తాను.

మీ బావమరిది